హోమ్ థియేటర్‌ను విడతల వారీగా సమకూర్చుకోవడం: ఏది ముందు, ఏది తరువాత?

మూడోగది:

అందరికీ నమస్కారం. ఇంట్లో ఒక గదిని సినిమాలు చూడటానికని ప్రత్యేకించుకోగలిగాము. దాని పొడవు 4.8 మీటర్లు, వెడల్పు 3.6 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. 55 అంగుళాల 4కె టీవీ ఇప్పటికే ఉంది, దానిని ఇప్పట్లో మార్చే ఆలోచన లేదు. ధ్వనికి మాత్రం టీవీలోని స్పీకర్లే దిక్కు. నేపథ్య సంగీతం మొదలయ్యేసరికి పాత్రల మాటలు అందులో మునిగిపోతున్నాయి; శబ్దం పెంచితే పోరాట సన్నివేశం రాగానే చెవులు అదిరిపోతున్నాయి. ఇంట్లో పెద్దవారికి ఇది నిజంగా కష్టంగా ఉంది.

పెద్ద మొత్తం ఒకేసారి వెచ్చించే స్థితిలో నేను లేను. కొన్ని నెలలకొకసారి కొంత కూడబెట్టి ఒక్కొక్క భాగమే కొనగలను. అన్నీ ఒకే పెట్టెలో వచ్చే సెట్టు తీసుకుంటే పని అయిపోతుందని కొందరు, సౌండ్‌బార్ చాలని కొందరు అంటున్నారు. నా కోరిక ఒక్కటే: ఈ విడతలో కొన్న వస్తువు వచ్చే విడతలో పనికిరానిది కాకూడదు. ఆ లెక్కన దేనితో మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

శబ్దలేఖ:

మూడోగది గారూ, మీరు పెట్టుకున్న షరతులోనే సగం సమాధానం ఉంది. ఈ వ్యవస్థలోని భాగాలన్నీ ఒకే వేగంతో పాతబడవు. మంచి స్పీకరు ఇరవై ఏళ్ల తరువాత కూడా మంచి స్పీకరే, ఎందుకంటే అది చేసే పని మారదు. ధ్వనిని అందుకుని, విడదీసి, స్పీకర్లను నడిపే పెట్టె అయిన రిసీవరు అలా కాదు. హెచ్‌డీఎంఐలో టీవీ ధ్వనిని అదే తీగలో రిసీవరుకు వెనక్కి పంపే ఆర్క్ అనే సదుపాయం 2009లో 1.4 ప్రమాణంతో వచ్చింది, దాని మెరుగైన రూపం ఈ-ఆర్క్ 2017లో 2.1 ప్రమాణంతో వచ్చింది. ఈ రెండింటి నడుమ 2014లో తల పైనుంచి కూడా ధ్వనిని వినిపించే డాల్బీ అట్మాస్ ఇళ్లలోకి అడుగుపెట్టింది. అంటే ఒక దశాబ్దం లోపే రిసీవర్ల వెనుక భాగం మూడు సార్లు మారింది, వాటికి తగిలించే స్పీకర్లు మాత్రం అవే. అందుచేత ఎక్కువ డబ్బు స్పీకర్ల మీద, అందులోనూ ముందు వైపు నిలిచే మూడింటి (ఎడమ, సెంటర్, కుడి) మీద పెట్టండి. రిసీవరు మీ అవసరానికి సరిపడేది అయితే చాలు.

పెట్టె సెట్లను నేను వద్దనడానికి కారణం వాటి ధర కాదు. వాటిలోని చిన్న స్పీకర్లు సుమారు 150 హెర్ట్జ్ కంటే దిగువకు బలంగా పలకలేవు, కాబట్టి ఆ పైది కూడా కొంత మంద్ర స్వరాలు పలికే పెద్ద డబ్బా అయిన సబ్‌వూఫరుకే వదిలేస్తారు. పురుషుల కంఠాలలోని అడుగు స్వరాలు ఆ ప్రాంతంలోనే ఉంటాయి. ఫలితంగా మాట సగం తెర దగ్గర నుంచి, సగం మూలన ఉన్న డబ్బా నుంచి వినిపిస్తుంది. పైగా చాలా సెట్లలో తీగల కొనలు ఆ సంస్థకే ప్రత్యేకమైన ప్లగ్గులతో ఉంటాయి, యాంప్లిఫయరు సబ్‌వూఫరు డబ్బాలోనే బిగించి ఉంటుంది. ఒక్క భాగం పాడైతే మొత్తం పోతుంది, ఒక్క భాగాన్ని మెరుగుపరచాలన్నా కుదరదు. సౌండ్‌బార్లలోనూ అధిక భాగానికి ఇదే పరిమితి ఉంది. విడతల వారీగా ఎదగడం మీ ఉద్దేశం కనుక అవి రెండూ మీ దారికి అడ్డే.

నా సూచన ఇది: మొదటి విడతలో కనీసం 5.1 ఛానెళ్ల (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు) రిసీవరు, ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, వాటికి చెవి ఎత్తుకు వచ్చే స్టాండ్లు. రిసీవరు అమరికలలో సెంటర్ స్పీకరు "లేదు" అని చెబితే, ఆ ఛానెల్‌లోని మాటలను అది ఎడమ, కుడి స్పీకర్లకు సమానంగా పంచుతుంది. మీరు సరిగ్గా మధ్యలో కూర్చుంటే మాట తెర నడుమ నుంచే వచ్చినట్టు ఉంటుంది. ఈ రెండు స్పీకర్లు మాత్రమే ఉన్న దశలో కూడా టీవీ స్పీకర్లకూ దీనికీ పోలికే ఉండదు.

పాతపెట్టె:

శబ్దలేఖ గారి మాటతో ఏకీభవిస్తూ ఒకటి చేర్చాలి. బడ్జెట్ నిజంగా పరిమితమైతే వాడిన వస్తువులను పక్కన పెట్టకండి. రిసీవరు త్వరగా పాతబడుతుందన్న ఆ కారణమే దాన్ని చౌకగా దొరికేలా చేస్తుంది.

పాత రిసీవరు 4కె చిత్రాన్ని దాటించలేకపోయినా దిగులు లేదు. ప్లేయరునూ, స్ట్రీమింగ్ పరికరాన్నీ నేరుగా టీవీకి కలిపి, ధ్వనిని మాత్రం ఆర్క్ ద్వారానో ఆప్టికల్ తీగ ద్వారానో రిసీవరుకు పంపవచ్చు. ఆప్టికల్ తీగలో సాధారణ డాల్బీ డిజిటల్ 5.1 చక్కగా వెళుతుంది. అయితే కొన్ని టీవీలు బయటి పరికరం నుంచి వచ్చిన ధ్వనిని ఆప్టికల్‌లో రెండు ఛానెళ్లకే కుదించి పంపుతాయి, కాబట్టి మీ టీవీ అమరికలలో ఆ సంగతి ముందుగానే చూసుకోండి. చిత్రం కూడా రిసీవరు గుండానే వెళ్లాలని అనుకుంటే మాత్రం నకళ్లను అడ్డుకునే రక్షణ ప్రమాణం హెచ్‌డీసీపీ 2.2 ఉందో లేదో తప్పక కనుక్కోవాలి. అది లేకపోతే 4కె డిస్కులు, చాలా స్ట్రీమింగ్ పరికరాలు పూర్తి స్పష్టతతో చిత్రాన్ని ఇవ్వవు.

వాడిన స్పీకర్లలో చూడవలసింది కోను చుట్టూ ఉండే మెత్తని అంచు. అది ఫోముతో చేసినదైతే పదిహేను, ఇరవై ఏళ్లకు పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరుదైతే చాలా కాలం నిలుస్తుంది. కోనును రెండు వేళ్లతో రెండు వైపులా సమంగా, మెల్లగా లోపలికి నొక్కి చూడండి. గీసుకుంటున్న శబ్దం వస్తే లోపలి కాయిల్ పక్కకు జరిగిందని అర్థం, దానిని తీసుకోవద్దు. తరువాత తెలిసిన పాట ఒకటి తక్కువ శబ్దంతో పెట్టి, ఒక్కొక్క స్పీకరు దగ్గర చెవి ఉంచి పై స్వరాల స్పీకరైన ట్వీటరు పలుకుతున్నదో లేదో వినండి. ఎక్కువ శబ్దంలో అది పోయినా పట్టుబడదు. వాడిన సబ్‌వూఫరు విషయంలో మాత్రం నేను వెనుకాడతాను, ఎందుకంటే దానిలోని యాంప్లిఫయరు పెట్టె లోపలి వేడికీ అదురుకూ నిరంతరం గురవుతుంది.

మూడోగది:

ఇద్దరికీ కృతజ్ఞతలు. రిసీవర్లను చూస్తుంటే వాట్ల లెక్క అయోమయంగా ఉంది. ఒకదాని మీద ఛానెలుకు 80 అని, మరొకదాని మీద 150 అని ఉంది, రెండోదే చౌక. ఇంత తేడా ఎలా సాధ్యం? నా గదికి ఎన్ని వాట్లు కావాలి?

కొలతబద్ద:

ఆ రెండు అంకెలూ ఒకే కొలత కాకపోవచ్చు. రెండు ఛానెళ్లను ఒకేసారి నడిపి, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, 8 ఓమ్‌ల స్పీకరుతో, ఒక శాతంలో చిన్న భాగమంత వక్రీకరణ మాత్రమే ఉండగా కొలిచిన 80 వాట్లు నమ్మదగిన సంఖ్య. ఒకే ఛానెల్‌ను నడిపి, 1 కిలోహెర్ట్జ్ స్వరం ఒక్కదానితో, 6 ఓమ్‌ల వద్ద, 10 శాతం వక్రీకరణ దాకా లాగి రాసిన 150 వాట్లు దానికంటే తక్కువే కావచ్చు. వాట్ల పక్కన ఈ షరతులు రాసి లేకపోతే ఆ సంఖ్యను పట్టించుకోనవసరం లేదు. పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) అని రాసి ఉన్నదానికైతే అర్థమే లేదు.

ఇక ఎన్ని కావాలన్న ప్రశ్న. స్పీకరు సెన్సిటివిటీ అనే అంకె చూడండి. అది 87 డెసిబెల్స్ అని ఉంటే, 8 ఓమ్‌ల స్పీకరుకు ఒక వాటు ఇచ్చినప్పుడు మీటరు దూరంలో అంత శబ్దం వస్తుందని అర్థం. బహిరంగ ప్రదేశంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతాయి, గదిలో గోడలు కొంత తిరిగి ఇస్తాయి కనుక అంత తగ్గవు. అంటే మూడు మీటర్ల దూరంలో మీకు ఒక్క వాటుతోనే దాదాపు 80 డెసిబెల్స్ వస్తాయి. ఇంట్లో సినిమా చూసేటప్పుడు మాటలకు అంతకంటే ఎక్కువ ఎవరూ పెట్టుకోరు. మిగిలిన వాట్లన్నీ క్షణకాలం పాటు వచ్చే పేలుళ్లకూ, తాళవాద్యాల దెబ్బలకూ. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి అది చిన్న తేడాగానే తెలుస్తుంది. కాబట్టి 50కీ 100కీ మధ్య డబ్బు పెట్టేకంటే, 87 డెసిబెల్స్ స్పీకరుకు బదులు 90 డెసిబెల్స్ స్పీకరును ఎంచుకుంటే అంతే లాభం ఉచితంగా వస్తుంది. నిజమైన 60 లేదా 80 వాట్లు మీ గదికి ధారాళంగా సరిపోతాయి. స్పీకరు 4 ఓమ్‌లదైతే మాత్రం, రిసీవరు దానిని భరించగలదని తయారీదారు స్పష్టంగా రాశారేమో చూసుకోండి.

నల్లతెర:

చిత్రం గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు కనుక నేను చెబుతాను, ఎందుకంటే ఇక్కడ పైసా ఖర్చు లేకుండా దక్కేది చాలా ఉంది. 55 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు. తెర మన చూపులో కనీసం 30 డిగ్రీల మేర ఆక్రమించాలన్నది చాలాకాలంగా ఉన్న సిఫారసు; మీ టీవీకి ఆ దూరం దాదాపు 2.3 మీటర్లు. 40 డిగ్రీల అనుభూతి కావాలంటే 1.7 మీటర్ల దగ్గరకు రావాలి. చాలా ఇళ్లలో సోఫా వెనుక గోడకు ఆనించి ఉంటుంది, తెర చిన్నదైపోయిందని పెద్ద టీవీ కోసం పరుగెడతారు. ముందుగా సోఫాను ముందుకు జరిపి చూడండి.

రెండోది టీవీ అమరికలు. కొత్తగా పెట్టె తెరిచినప్పుడు ఉండే మెరుపు రంగుల మోడ్ అంగళ్ల వెలుతురులో కళ్లను ఆకర్షించడానికే గాని చూడటానికి కాదు. సినిమా మోడ్‌కు, లేదా ఉంటే ఫిల్మ్‌మేకర్ మోడ్‌కు మార్చండి. కదలికలను నున్నగా చేసే సదుపాయాన్ని ఆపివేయండి. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాలో లేని ఫ్రేములను అది కల్పిస్తుంది. మొదటి రెండు రోజులు చిత్రం పసుపుగా, మందంగా తోచవచ్చు. కళ్లు అలవాటు పడ్డాక చర్మపు రంగులు ఎంత సహజంగా ఉన్నాయో మీకే తెలుస్తుంది.

ప్రొజెక్టరు ఆలోచన ఉంటే దానిని చివరి విడతకు ఉంచండి. ప్రొజెక్టరు నలుపును సృష్టించలేదు. తెర మీద నలుపు అంటే గదిలో ఉన్న చీకటే. తెల్లటి గోడలు, తెల్లటి పైకప్పు ఉన్న గదిలో తెర వెలుగు వాటి మీద పడి మళ్లీ తెర మీదికే వస్తుంది. అందువల్ల ముదురు రంగు గోడలు, మందపాటి పరదాలు సమకూరే దాకా మీ టీవీయే మంచి చిత్రం ఇస్తుంది.

మూడోగది:

సోఫా వెనుక గోడకే ఆనించి ఉంది. ఈ రోజే జరుపుతాను. అయితే రెండో విడతలో సెంటర్ స్పీకరా, సబ్‌వూఫరా?

పాతపెట్టె:

సబ్‌వూఫరు. బుక్‌షెల్ఫ్ స్పీకర్లు 80 హెర్ట్జ్ దిగువన కష్టపడతాయి, సినిమాలోని భారమంతా అక్కడే ఉంటుంది. ఆ పనిని సబ్‌వూఫరుకు అప్పగిస్తే, దానిలో సొంత యాంప్లిఫయరు ఉంటుంది కనుక రిసీవరు కూడా ఊపిరి పీల్చుకుంటుంది, ముందు స్పీకర్లలో మాటలు సైతం తేటపడతాయి. ఒక్క వస్తువుతో వచ్చే మార్పులలో ఇంతకంటే పెద్దది నేను వినలేదు.

శబ్దలేఖ:

పాతపెట్టె గారు చెప్పినది ఒంటరిగా చూసేవారికి నిజం. నేను మాత్రం ఈ ఇంటికి సెంటరే ముందంటాను, కారణం చెబుతాను. రెండు స్పీకర్ల నడుమ పుట్టే మధ్య ధ్వని ఒక భ్రమ. అది సరిగ్గా మధ్యలో కూర్చున్నవారికే నిలుస్తుంది. సోఫాలో ఒక అడుగు పక్కకు జరిగితే దగ్గరి స్పీకరు ధ్వని ముందుగా చేరుతుంది, మాటంతా ఆ వైపుకు ఒరిగిపోతుంది. మధ్యలో కూర్చున్నవారికి కూడా ప్రతి చెవికీ రెండు స్పీకర్ల ధ్వని కాస్త ఎడంతో చేరడం వల్ల 2 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఒక లోటు ఏర్పడుతుంది, హల్లుల స్పష్టత సరిగ్గా ఆ ప్రాంతం మీదే ఆధారపడి ఉంది. వయసు పైబడిన చెవులకు ఆ లోటు మరింత భారం. పైగా సెంటర్ విడిగా ఉంటే, ఆ ఒక్క ఛానెల్‌నే రెండు మూడు డెసిబెల్స్ పెంచుకోవచ్చు. మాటలు మాత్రమే పెరుగుతాయి, పేలుళ్లు పెరగవు. మూడోగది గారు మొదటి సందేశంలో చెప్పిన బాధకు సూటి మందు ఇది.

సెంటర్ స్పీకరు ఎడమ, కుడి వాటితో ఒకే శ్రేణికి చెందినదై ఉండాలి. ట్వీటర్లు వేరైతే, తెర మీద ఒకరు నడుస్తూ మాట్లాడినప్పుడు గొంతు రంగు మారిపోతుంది. అడ్డంగా పడుకోబెట్టే సెంటర్లలో ట్వీటరుకు రెండు పక్కలా ఒకే స్వరాలు పలికే రెండు వూఫర్లు ఉన్న రకం, పక్కన కూర్చున్నవారికి కొన్ని స్వరాలను పలచన చేస్తుంది. వీలుంటే ముందు వైపు వాడిన అదే బుక్‌షెల్ఫ్ స్పీకరును మూడోది కూడా తెచ్చి టీవీ కింద నిలువుగా పెట్టండి. ఎత్తు చాలకపోతే టీవీని కొద్దిగా పైకి జరపడం మేలు. సెంటర్ తక్కువ ఎత్తులో ఉంటే చెవుల వైపు పైకి వంచి ఉంచాలి.

ఈ లోగా, ఈ రోజే చేయగలిగిన పని ఒకటుంది. రిసీవరులోనూ చాలా టీవీలలోనూ నైట్ మోడ్ అనో, డైనమిక్ రేంజ్ అనో ఒక అమరిక ఉంటుంది. అది పెద్ద శబ్దాలను తగ్గించి చిన్న శబ్దాలను పెంచుతుంది. సినిమా గాంభీర్యం కొంత పోతుంది గాని, పెద్దవారు చూసేటప్పుడు దానిని వాడటంలో తప్పేమీ లేదు.

మూడోగది:

మేము సాధారణంగా నలుగురం కూర్చుంటాము, కాబట్టి సెంటర్ ముందు అన్నది స్పష్టమైంది. సోఫాను జరిపే విషయంలో ఒక సందేహం. గదికి సరిగ్గా మధ్యలో వేస్తే, టీవీకి 2.4 మీటర్లు వస్తుంది. నల్లతెర గారు చెప్పిన దూరానికి దగ్గరగానే ఉంది. అలాగే చేయనా?

కొలతబద్ద:

దయచేసి సరిగ్గా మధ్యలో వద్దు. గదికి ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య మంద్ర స్వరాలు ఒకేచోట నిలిచిపోయే స్థిర తరంగాలుగా ఏర్పడతాయి. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు, దానిని గది కొలతకు రెట్టింపుతో భాగిస్తే మొదటి స్వరం తెలుస్తుంది. మీ పొడవుకు అది దాదాపు 36 హెర్ట్జ్, వెడల్పుకు 48, ఎత్తుకు 57. ఇవన్నీ సబ్‌వూఫరు పలికే స్వరాలే. పొడవు వైపు మొదటి తరంగానికి గోడల దగ్గర ఉబ్బు, సరిగ్గా నడుమ శూన్యం. వెనుక గోడకు ఆనుకుంటే 36 హెర్ట్జ్ మోగిపోతుంది, నడుమ కూర్చుంటే మాయమవుతుంది. శూన్యాన్ని స్వరాల హెచ్చుతగ్గులను సరిచేసే ఏ ఈక్వలైజరూ పూడ్చలేదు. అక్కడ ఎంత శక్తి పోసినా తరంగం తనను తానే రద్దు చేసుకుంటుంది.

కాబట్టి మీ తల ముందు గోడ నుంచి సుమారు 2.8 మీటర్ల దగ్గర ఉండేలా సోఫా వేయండి. టీవీని గోడకు బిగించకుండా స్టాండు మీద 40 సెంటీమీటర్లు ముందుకు పెడితే మళ్లీ 2.4 మీటర్ల దూరమే వస్తుంది, చూపులో 28 డిగ్రీలకు పైగా తెర ఉంటుంది. నల్లతెర గారి 30కి అది చాలా దగ్గర. స్పీకర్లు కూడా గోడ నుంచి ముందుకు వస్తాయి, వెనుక వైపు రంధ్రం ఉన్న స్పీకర్లకు అది ఎలాగూ అవసరం. ఎడమ, కుడి స్పీకర్లు మధ్య గీతకు చెరో 30 డిగ్రీల దగ్గర ఉండాలి. అంటే ఆ రెంటికీ, మీ తలకూ మధ్య ఏర్పడే త్రిభుజంలో మూడు భుజాలూ సమానం.

సబ్‌వూఫరు వచ్చాక దాని చోటు ఊహించి నిర్ణయించకండి. దానిని తాత్కాలికంగా సోఫా మీద మీరు కూర్చునే చోట పెట్టి, మంద్ర స్వరాలు ఎక్కువున్న సంగీతం పెట్టండి. తరువాత గోడల వెంట మోకాళ్ల మీద తిరుగుతూ, ఏ స్థానంలో అన్ని స్వరాలూ సమంగా వినిపిస్తున్నాయో గమనించండి. ఎక్కువగా కాదు, సమంగా. ఆ స్థానమే సబ్‌వూఫరుది.

గది గురించి ఇంకొక మాట, ఇది నాకు చాలా ముఖ్యం. కొత్త పరికరానికి పెట్టే డబ్బులో చిన్న భాగాన్ని గదికి పెట్టండి. సోఫాకూ స్పీకర్లకూ నడుమ మందపాటి తివాచీ, వెనుక గోడకు పుస్తకాల అర, కిటికీకి బరువైన పరదా. ఇవి చాలావరకు ఇళ్లలో ఉన్నవే, చోటు మారిస్తే చాలు. మీరు సోఫాలో కూర్చుని, మరొకరిని పక్క గోడ వెంట అద్దం పట్టుకుని నడవమనండి. అద్దంలో మీకు స్పీకరు కనిపించిన చోటు నుంచే తొలి ప్రతిధ్వని వస్తుంది. అక్కడ 10 సెంటీమీటర్ల మందం గల, ధ్వనిని పీల్చే మినరల్ వూల్‌ను చెక్క చట్రంలో అమర్చి, గుడ్డ కప్పి తగిలించండి. దానిని కోసేటప్పుడు ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు తప్పనిసరి. పలచటి ఫోము ముక్కలూ, గుడ్ల అట్టలూ పై స్వరాలను మాత్రమే మింగి, గదిని మరింత మొద్దుబారుస్తాయి.

తీగలూమాటలూ:

ఇంత మంచి చర్చలో తీగలకు కూడా కొంత చోటు ఇవ్వండి. ఇప్పుడు రెండు స్పీకర్లే కొన్నా, గోడకు రంగు వేయక ముందే ఏడు స్పీకర్లకూ, రెండు సబ్‌వూఫర్లకూ గొట్టాలు, తీగలు వేసి ఉంచుకోవడం వివేకం. పైకప్పులోకి కూడా రెండు వేయండి. తరువాత ఒక్కొక్క విడతలో గోడలు తవ్వే ఖర్చు స్పీకరు ఖర్చును మించిపోతుంది.

తీగ స్వచ్ఛమైన రాగిది అయితే చాలు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు సుమారు 0.012 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. 10 మీటర్ల దూరానికి రానూ పోనూ కలిపి 0.24 ఓమ్‌లు, 8 ఓమ్‌ల స్పీకరులో అది 3 శాతం. స్పీకరు నిరోధంలో 5 శాతం దాటకపోతే చెవికి తేడా తెలియదు. వెనుక స్పీకర్లకు ఇంకా దూరం ఉంటే 2.5 చదరపు మిల్లీమీటర్లు వాడండి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన తీగను చూసి మోసపోవద్దు, దాని నిరోధం ఎక్కువ, కొనలు సులువుగా విరుగుతాయి. బంగారు పూతల, ఖరీదైన తీగలకు ఒక్క రూపాయి కూడా కేటాయించనవసరం లేదు. అన్ని స్పీకర్లకూ ధన, రుణ కొనలు ఒకే విధంగా కలిపారో లేదో మాత్రం రెండు సార్లు చూసుకోండి. ఒక దానికి తారుమారైతే మంద్ర స్వరాలు సన్నబడి, మాట ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా పోతుంది.

సబ్‌వూఫరు కలిపాక బొంయ్‌మని నిరంతర శబ్దం వస్తే, కేబుల్ టీవీ తీగను ఒకసారి టీవీ నుంచి తీసి చూడండి. చాలాసార్లు కారణం అదే, ఆ తీగకు ఐసొలేటరు అమర్చితే సరిపోతుంది. ప్లగ్గులోని ఎర్తు పిన్నును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తొలగించకండి, అది ప్రాణాలను కాపాడేది. రిసీవరును మూసి ఉన్న అరలో పెట్టవద్దు, దాని పైన చేతి వెడల్పు ఖాళీ అయినా ఉండాలి.

మూడోగది:

తీగల విషయం సరైన సమయంలో చెప్పారు, రంగు వేయించడానికి ఇంకా వ్యవధి ఉంది. ఇక చివరి విడత. వెనుక స్పీకర్లు ఎక్కడ, ఎంత ఎత్తులో ఉండాలి? తరువాత 7.1కు వెళ్లాలా, అట్మాస్ కోసం పైకప్పు స్పీకర్లకు వెళ్లాలా? మా టీవీలో మామూలు ఆర్క్ మాత్రమే ఉంది, దానితో అట్మాస్ రాదని ఎక్కడో చదివాను.

శబ్దలేఖ:

చదివినది పూర్తిగా నిజం కాదు. స్ట్రీమింగ్‌లో వచ్చే అట్మాస్ డాల్బీ డిజిటల్ ప్లస్ అనే కుదించిన రూపంలో ప్రయాణిస్తుంది, అది మామూలు ఆర్క్‌లో ఇముడుతుంది. మీ టీవీ దానిని మార్చకుండా పంపితే చాలు. బ్లూ-రే డిస్కులలోని నష్టం లేని ట్రూహెచ్‌డీకి మాత్రమే ఈ-ఆర్క్ కావాలి, అది కూడా ప్లేయరును టీవీకి కలిపితేనే. ప్లేయరును నేరుగా రిసీవరుకు కలిపితే ఆ అవసరమూ ఉండదు. కాబట్టి ఈ-ఆర్క్ కోసం టీవీ మార్చకండి.

సరౌండ్ స్పీకర్లు మీ భుజాల వెనుకగా, మధ్య గీత నుంచి 110 డిగ్రీల దగ్గర ఉండాలి. చెవి ఎత్తు కంటే కాస్త పైన, పక్కవారి తల అడ్డు రానంత ఎత్తు సరిపోతుంది. ఇవి ముందు వాటంత ఖరీదైనవి కానక్కరలేదు, వీలైతే అదే సంస్థవి చిన్నవి తీసుకోండి. ఇక 7.1 మీద నాకు ఈ గదిలో పెద్దగా ఆశ లేదు. మీ వెనుక రెండు మీటర్లే ఉన్నాయి. ఆ చోటును మరో రెండు స్పీకర్లతో నింపేకంటే, తలకు కొద్దిగా ముందుగా పైకప్పులో రెండు స్పీకర్లు పెట్టి 5.1.2 చేసుకుంటే గదికి లేని ఒక దిక్కు కొత్తగా వస్తుంది. రెండింటికీ ఏడు ఛానెళ్ల రిసీవరే కావాలి.

పాతపెట్టె:

అందుకే రిసీవరు కొనేటప్పుడే అట్మాస్ ఉన్న ఏడు ఛానెళ్లది చూడండి. ఐదు ఛానెళ్లదానికీ దానికీ ధరలో తేడా కొద్దిగానే ఉంటుంది, తరువాత మార్చడం మాత్రం ఖరీదైన పని.

కొలతబద్ద:

ప్రతి విడత తరువాత రిసీవరుతో వచ్చే మైకుతో మళ్లీ కొలతలు తీయండి; పాత లెక్కలు కొత్త అమరికకు పనికిరావు. మైకును చేతితో పట్టుకోకండి, స్టాండు మీద చెవి ఎత్తులో, సోఫా వీపుకు దూరంగా ఉంచండి. ఫ్యాన్లు, ఏసీ ఆపేయండి. కొలతలు అయ్యాక రిసీవరు ఏమి నిర్ణయించిందో తప్పక చూడండి. బుక్‌షెల్ఫ్ స్పీకర్లను అది తరచూ "పెద్దవి" అని గుర్తిస్తుంది. సబ్‌వూఫరు ఉన్నప్పుడు వాటిని "చిన్నవి"గా మార్చి, స్వరాలను స్పీకర్లకూ సబ్‌వూఫరుకూ విడదీసే క్రాస్ఓవరు 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. సినిమాలో సబ్‌వూఫరుకే ప్రత్యేకించిన ఎల్‌ఎఫ్‌ఈ ఛానెల్ పరిమితిని 120 హెర్ట్జ్ దగ్గరే ఉంచండి. ఆసక్తి కలిగితే ఆర్‌ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేరు, ఒక కొలత మైకు ఉంటే గదిలోని ఉబ్బులూ శూన్యాలూ గీతగా కనిపిస్తాయి.

మూడోగది:

మొదటి విడత పూర్తయింది. ఏడు ఛానెళ్ల రిసీవరు వాడినదే దొరికింది, హెచ్‌డీసీపీ 2.2 ఉంది. బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కొత్తవి, అదే రకంలో మూడోది విడిగా అమ్ముతారని నిర్ధారించుకుని కొన్నాను. సోఫా 2.8 మీటర్ల దగ్గర ఉంది, తీగలన్నీ గోడల్లోకి వెళ్లాయి, టీవీ సినిమా మోడ్‌లో ఉంది. పెద్దవారు ఇప్పుడు "ఏమన్నారు?" అని చాలా తక్కువసార్లు అడుగుతున్నారు. ఒక్క సమస్య మిగిలింది. మధ్యలో కూర్చున్నా మాట కొంచెం ఎడమకు ఒరుగుతోంది. ఎడమ స్పీకరు పక్కన గోడ ఉంది, కుడి స్పీకరు పక్కన తలుపు ఉన్న ఖాళీ వస్తోంది.

కొలతబద్ద:

ఎడమ గోడ ప్రతిధ్వని ఆ స్పీకరుకు తోడవుతోంది, కుడి వైపు ధ్వని తలుపు గుండా బయటికి పోతోంది. మూడు పనులను ఈ వరుసలోనే చేయండి. మొదట మీ చెవి నుంచి రెండు స్పీకర్లకూ దూరాన్ని టేపుతో కొలిచి, సెంటీమీటరు తేడా లేకుండా సమానం చేయండి. తరువాత రెండింటినీ లోపలికి, సూటిగా మీ భుజాల వైపు చూసేలా తిప్పండి. గోడ మీద పడే ధ్వని దానితోనే తగ్గుతుంది. సినిమా చూసేటప్పుడు తలుపు మూసి ఉంచి, ఎడమ గోడ మీద అద్దం చూపిన చోట ఆ మినరల్ వూల్ చట్రాన్ని తగిలించండి. ఇవన్నీ అయ్యాక కూడా ఒరుగు మిగిలితే రిసీవరులో ఎడమ ఛానెల్ స్థాయిని అర డెసిబెల్ చొప్పున తగ్గిస్తూ వార్తలు చదివే గొంతుతో పరీక్షించండి. సెంటర్ స్పీకరు వచ్చాక ఆ తగ్గింపును సున్నాకు తెచ్చి, కొలతలు మళ్లీ మొదటి నుంచి తీయండి.